నూట యాభై గ్రాముల మొక్కు

జడ ఉన్న ఆ రోజుల్లో గరివిడిలో నన్ను ఎరగనివాళ్లు తక్కువ. నడుము దాటి వేలాడేది. (ముఖం గురించి ఎవరూ ఏమీ అనేవారు కాదు, ఆ మౌనాన్ని మర్యాదగానే తీసుకున్నాను.) డిగ్రీ అవగానే చీరల కొట్టులో పని దొరికింది కూడా ఆ జడ చలవే. షావుకారు నన్ను ఎగాదిగా చూసి, "గుంట జడ బాగున్నాది. సీర బుజాన ఏసుకుని నిలబడితే సాలు, బేరం అదే తెగుతాది" అని చేర్చుకున్నారు. ఆయనకు తెలియనిదేమిటంటే, నేను రోజూ తెల్లారకముందే రేకుల షెడ్డులో మాస్టారి దగ్గర బరువులెత్తి, చెమట తుడుచుకుని, పువ్వులు పెట్టుకుని కొట్టుకొచ్చేదాన్ని. చీరలమ్మడం కడుపు కోసం. ఇనుమెత్తడం ఎందుకంటే అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ సరిగ్గా చెప్పలేను. బరువు తల మీదికెళ్లి కదలకుండా నిలిచిన ఆ రెండు క్షణాలూ నాకు ఎవరి మీదా కోపం ఉండేది కాదు, ఎవరన్నా భయం ఉండేది కాదు.

రాష్ట్ర పోటీలకు ఎంపిక శ్రీకాకుళంలో, ఒక ఆదివారం పడింది. పెళ్లిళ్ల రోజుల్లో ఆదివారం సెలవడిగితే "మరింక రానక్కర్లేదు" అనే రకం మా షావుకారు. అందుకని అరసవల్లి స్వామికి మొక్కుందని అబద్ధమాడాను. ఆయన చప్పున చేతులు జోడించి, "దేవుడి పని కాదంటానా? నా పేరు సెప్పి కూడా ఓ దణ్ణమెట్టు" అన్నారు. అసలు సంగతి తెలిసింది అమ్మమ్మకు మాత్రమే. ఇంట్లో నా పక్షం ఉన్నదీ ఆవిడే. నా తరగతికి హద్దు యాభై ఎనిమిది కిలోలు, అందుకని వారం నుంచి సగం కడుపుతో ఉన్నాను. బయల్దేరే ముందు అమ్మమ్మ చోడి అంబలి చెంబుతో ఎదురొచ్చింది.

"కాలీ కడుపుతో బరువులెత్తడానికెల్తావేటే? తాగు."

"మనిషి బరువు కూడా సూస్తారమ్మమ్మా. ఎక్కువుంటే ఒప్పుకోరు."

"సూడనీ! మనింట్లో తిండికి లోటు లేదని తెలుస్తాది."

చిన్నప్పటి నుంచీ ప్రతి ఆదివారం నా తలకు నూనె రాసిన చెయ్యి అది, ఎలా కాదంటాను? తాగాను. ఇంకో చెంబు పోసింది. (రెండోది మొహమాటం కాదు, ఆకలి.)

శ్రీకాకుళంలో కాటా ఎక్కితే నాలుగొందల గ్రాములు ఎక్కువ. గంటన్నర గడువుంది. మైదానం చుట్టూ పరిగెత్తాను, ఎండలో గెంతాను, గొంతు ఎండేదాకా ఉమ్మాను. నూట యాభై దగ్గరికొచ్చి కాటా మొండికేసింది. "ఇంక నీలో దింపడానికి ఏటున్నాదే?" అంటూ మాస్టారు తల పట్టుకున్నారు. ఆయన తన తల పట్టుకోవడం చూశాక నాకు నా తల గుర్తొచ్చింది.

ఆటోలో అరసవల్లి చేరి, టిక్కెట్టు కొని, కల్యాణకట్టలో కూర్చున్నాను. క్షురకుడు కత్తెర తీసి, "ఆడపిల్లవి, మూడు కత్తెర్లేనా అమ్మా?" అన్నాడు.

"మూడు కత్తెర్లకి ఎన్ని గ్రాములు పోతాయండి?"

"దేవుడికి గ్రాముల్లో ఎవులు మొక్కుతారమ్మా?"

"అయితే గుండేనండి."

కత్తి తగిలాక కొట్టు గుర్తొచ్చింది. జడ పోతే ఉద్యోగం పోతుంది. ఎంపిక కూడా కాకపోతే రెంటికీ చెడ్డ రేవడినే. నా కళ్లలో నీళ్లు చూసి అతను చెయ్యాపాడు. "కానీండి, టైమైపోతాది" అన్నాను. దేవుడికి రెండు దణ్ణాలు పెట్టాను, ఒకటి షావుకారిది.

ఈసారి కాటా హద్దుకి ఇరవై గ్రాములు తక్కువ చూపించింది. ఆ మధ్యాహ్నం ఆఖరి ఎత్తులో బరువు తల మీద నిలిచింది. రెండో స్థానంతో ఎంపికయ్యాను. (మొదటి స్థానం వచ్చిన అమ్మాయికి చక్కటి జడ ఉంది, వాళ్ల అమ్మమ్మ వివేకం గల మనిషై ఉంటుంది.)

సోమవారం నా గుండు చూసి షావుకారు, "ఓలమ్మ! మూడు కత్తెర్లనుకున్నాను గానీ ఇదేటే?" అన్నారు. ఇక దాచబుద్ధి కాలేదు, అంతా చెప్పేశాను. గల్లాపెట్టె మీద వేళ్లు ఆడించి, "అబద్ధానికి దేవుడి పేరు వాడేవు. ఆయన ఒగ్గీలేదు సూడు, వసూలు సేసేసుకున్నాడు. గుండుతో సీరలేం అమ్ముతావు? జుత్తొచ్చేదాకా గొడౌన్లో బేళ్లు దింపు" అన్నారు. ఆయన దృష్టిలో అది శిక్ష. నాకైతే జీతమిచ్చి సాధన చేయించడమే. జుట్టు పెరిగాక కూడా గొడౌన్ వదిలి కొట్టులోకి రానన్నాను.

కానీ షావుకారి కన్నా ముందు, ఆదివారం సాయంత్రమే, అమ్మమ్మ ముందు నిలబడాల్సొచ్చింది. ఆవిడ నూనె గిన్నె పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. నా తల చూసింది. గెలుపు వార్త కన్నా ముందు కాటా సంగతే చెప్పాను.

"రెండో సెంబు పొయ్యకుండాల్సింది" అంది. కళ్లు తుడుచుకుని, "నూని ఎచ్చబెట్టేసేను. ఏం సేత్తాం మరి?" అని తనే అరచేతిలో పోసుకుని, నా భుజాలకు మర్దనా మొదలెట్టింది. "ఇక్కడ కదేటి నొప్పి?"

ఇప్పుడు అదే షెడ్డులో పిల్లలకు నేర్పుతున్నాను. జడ మళ్లీ పెంచలేదు. పోటీ రోజున పిల్లల టిఫిన్ డబ్బాలన్నీ నేనే తెరిచి చూస్తాను. వాళ్లు నన్ను రాక్షసి అనుకుంటారు. అప్పుడప్పుడు సరదాకి కాటా ఎక్కుతాను. ఇప్పుడు నా పాత తరగతిలోకి దిగాలంటే గుండు చాలదు, నాలో మూడో వంతు మనిషిని మొక్కుకోవాలి. ఆదివారం వస్తే మాత్రం నూనె వెచ్చబెట్టుకుని నేనే భుజాలకు రాసుకుంటాను. అన్నీ బాగానే అందుతాయి గానీ, ఎడమ భుజం వెనక్కి ఎంత సాగదీసినా నా చెయ్యి వెళ్లదు.