సూపర్‌వైజర్ నడక

ఏడో తరగతిలో బడి మానేసిన నేను రొయ్యల గుంటల దగ్గర సూపర్‌వైజర్‌నయ్యానంటే మా ఆవిడ నమ్మలేదు. "నీ జోకులు నాకాడ కాదు, కాయితం చూపించు" అంది. చూపించాను. లాభాలు లేవనను. నడుం లోతు నీళ్లలో దిగి మేత చల్లే పని పోయింది, కాలివేళ్ల మధ్య పుండ్లు మానాయి, షెడ్డులో నాకంటూ ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. పోయిందేమిటో రొయ్యల పట్టుబడి రోజున తెలిసింది.

మా గుంటల మీద ఒక అలవాటుంది. రొయ్యలు పట్టి లారీకెక్కించాక, మిగిలిన వాటితో గట్టుమీదే కూర వండుకుంటాం. అది ఉడికేలోగా ఎవరో ఒకరు సూపర్‌వైజర్‌లా నడిచి చూపించాలి. ఎనిమిదేళ్లు ఆ పని నాదే. పాత సూపర్‌వైజర్‌కు పొట్ట ముందు వచ్చేది, మనిషి తర్వాత వచ్చేవాడు. నేను చొక్కాలో మేత సంచి కుక్కుకుని నడిస్తే, వండే అక్క గరిటె పక్కన పడేసి నవ్వేది. "ఆపరా సచ్చినోడా, కూర మాడతాది!"

ఈసారి కూర పొయ్యి మీదుంది. ఎవరూ లేవలేదు.

"ఏందబ్బా, ఈరోజు నడక లేదా?" అన్నాను.

"ఏం నడక సార్?" అన్నాడు, ఇన్నేళ్లూ నాతో ఒకే క్యారియర్‌లో తిన్నవాడు.

"సార్ ఏందిరా? మొన్నటిదాకా ఒరే అన్నావు గదా!"

"అది మొన్న గదా సార్."

సరేనని నేనే లేచాను. చెవి దగ్గర ఫోను, నడుమ్మీద చెయ్యి, నన్ను నేనే వెక్కిరించుకుంటూ బయల్దేరాను. రెండడుగులు వేయకముందే అందరూ ఒక్కసారిగా నవ్వేశారు. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. పాత సూపర్‌వైజర్ జోకు సగంలో ఉండగానే మేమూ అట్లాగే నవ్వేవాళ్లం. అక్క చేతిలో గరిటె కదులుతూనే ఉంది.

నాకు కుర్చీ వేసి, విడిగా కంచంలో పెట్టారు. పెద్ద రొయ్యలన్నీ నాకే. వాళ్లు కాస్త దూరంగా ఒకే బేసిన్ చుట్టూ కూర్చున్నారు. గబగబా తిని, షెడ్డు అవతల ఆపిన బండి దగ్గరికి వెళ్లాను.

తాళం పెట్టబోతుంటే వెనక నవ్వులు పేలాయి. వాటి మీదుగా అక్క గొంతు. "ఆపరా సచ్చినోడా, పొట్ట నొప్పొస్తాంది!"

నేను వెనక్కి వెళితే ఆ నడక ఆగిపోతుంది. అందుకని బండి తీయకుండా అట్లాగే నిలబడ్డాను. ఎవడు చేస్తున్నాడో తెలియదు. నాకంటే బాగా చేస్తున్నాడేమోనని మాత్రం కడుపు మండిపోయింది.