జయపాల్ సార్ చేతి నల్ల చాయ్

జయపాల్ సార్‌కు ఉన్నదల్లా ఒకటే పిచ్చి: అన్నభేది. పేరు వినగానే కడుపు పట్టుకోకండి, అది ఆ గొడవ కాదు. ఇనుమును గంధకామ్లంలో వేస్తే పుట్టే ఉప్పు. కలకండ పలుకుల్లా ఉంటుంది, కాకపోతే లేత ఆకుపచ్చ. గాలి తగిలిందా, తుప్పురంగుకు తిరుగుతుంది. మిషన్ స్కూల్లో ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైన ఈయన, దాన్ని చిన్న సీసాలో పోసి చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవారు.

అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాల సంతలో ఎవరైనా పాత చేతిరాత పుస్తకం తెరిస్తే చాలు, "అన్నభేదీ కరక్కాయా! సిరా అంటే అది!" అని భుజం మీద వాలేవారు. కుండీలో గులాబీ ఆకులు పాలిపోయాయంటే సీసా మూత తీసేవారు. బస్సులో పక్కాయన తుమ్మినా తీస్తారేమోనని, భార్య ప్రేమలీల ఆయన పక్కసీట్లో కూర్చునేదే కాదు.

తొంభయ్యారు వానాకాలంలో ఈ పిచ్చి నాంపల్లి స్టేషన్ దగ్గరి ఒక చాయ్ హోటల్ మీద పడింది. అక్కడ చాయ్ కాచేది బాలమల్లు. అతని డికాషన్ కోసం లక్డీకాపూల్ గుమాస్తాలు నడిచి వచ్చేవారు. ఆ రోజుల్లో అతనికి మాత్రం మనసు మనసులో లేదు. భార్య కమలకు ఏడో నెల. రక్తం ఏడు గ్రాముల దగ్గరే ఆగిపోయింది. నెలలో పెరగకపోతే కాన్పు కష్టమంది దవాఖాన డాక్టరమ్మ.

"ఐరన్ గోలీలు రోజూ నేనే మింగిపిస్త సేట్," అని యజమాని చెవిలో గొణిగాడు. "నోరు చేదంటే చిక్కటి చాయ్ పోసిస్త. అయినా పెరుగుతలేదు."

పక్క బల్ల దగ్గర జయపాల్ సార్ పేపర్లో తల దూర్చి ఉన్నారు.

మర్నాడు వచ్చి, "పాలొద్దు మల్లూ, ఉత్త డికాషన్ పొయ్యి," అన్నారు. కప్పు రాగానే చిటికెడు అన్నభేది వేశారు. ఎర్రగా మెరిసే చాయ్ కళ్లముందే నల్లబడింది!

"చూసినవా?"

"చూసిన సార్. బంగారమసొంటి చాయ్ ఖరాబ్ చేసిన్రు."

మూడు రోజులు ఇదే తంతు, చాయ్‌లోని వగరు ఇనుమును ఎట్లా పట్టేస్తుందో ఇదే పాఠం. నాలుగో రోజు ఆ చాయ్‌లో పుల్ల ముంచి, పేపరు అంచున 'బాలమల్లు' అని రాశారు. గిరాకీలు సార్ పిచ్చి చూసి విరగబడి నవ్వారు. "ఏంది మల్లన్నా, చాయ్‌పత్తికి బదులు బొగ్గేస్తున్నవా?"

ఆరో రోజుకు బాలమల్లుకు తిక్క రేగింది. "దండం పెడత సార్, ఇంకో హోటల్‌కు పోండ్రి!"

"పోత. గీ చాయ్ ఎందుకు నల్లబడ్డదో చెప్పు, పోత."

"మీ ఇనుప ఉప్పు పడ్డది గదా!"

"మరి ఆ ఇనుము ఏమైంది?"

"ఏమైతది? చాయ్‌ల ఉన్న వగరు పట్టుకున్నది. మీరే రోజూ మొత్తుకుంటరు గద..." బాలమల్లు చేతిలో గరిటె ఆగిపోయింది. "సార్... గోలీలల్ల ఉండేది..."

"గిదే!" సార్ కుర్చీలోంచి ఎగిరి లేచారు. "గిదే బిడ్డా!"

పొయ్యి ఆర్పకుండానే ఇంటికి ఉరికాడు బాలమల్లు. "గోలీ నిమ్మరసంతోని మింగాలె!" అని వెనక నుంచి సార్ కేకేశారు. ఆ రోజు నుంచి కమల గోలీని నిమ్మరసంతోనే మింగింది. చాయ్ దాని దరిదాపుల్లోకి రాలేదు. నెల తిరిగేసరికి రక్తం తొమ్మిదిన్నర! "ఇంక ఫికర్ లేదు," అంది డాక్టరమ్మ.

రక్తపరీక్ష చీటీ పట్టుకుని బాలమల్లు నేరుగా గన్‌ఫౌండ్రీలో సార్ ఇంటికి పరుగెత్తాడు. "మొదటి రోజే చెప్తే అయిపోతుండె గద సార్! ఆరు రోజులు హోటలంతా మిమ్మల్ని చూసి నవ్విన్రు!"

సార్ గొంతు తగ్గించారు. "నువ్వు సేట్ చెవిల చెప్పుకున్న ఇంటి ముచ్చట, నేను విన్ననని ఎట్లా అంటనయ్యా? నన్ను చూసి నవ్వితే ఏం పోయింది!"

బాలమల్లు కళ్లు తడవబోయాయి. సార్ ఆ అవకాశం ఇవ్వలేదు.

"అవునుగానీ, నిమ్మకాయల ఏముందో ఎరుకేనా నీకు?" అంటూ కుర్చీ ముందుకు లాక్కున్నారు.

బాలమల్లు గంటన్నరసేపు కదలకుండా విన్నాడు.