ఆమె ఎలక్ట్రోడ్‌ను పాడుచేసింది నేనే

నేనాడిన అబద్ధం రెండక్షరాలే. దాన్ని ఇన్నేళ్లు మోశాను. మీరు నా ముఖం చూడరు కదా, ఆ ధైర్యంతో చెబుతున్నాను.

విశాఖలో పీహెచ్‌డీ చేసే రోజుల్లో ల్యాబులో నా పక్క బల్ల పార్వతిది. పేరు మార్చాను. తగరపువలస నుంచి బస్సులో నిలబడి వచ్చేది, వస్తూనే మమ్మల్ని నవ్వించేది. మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. అది రవ్వంత ఉన్నా పట్టుకునే సెన్సర్ తయారుచేయడం మా ఇద్దరి పని. పెన్సిలంత ఎలక్ట్రోడ్, దాని కొసన నల్లటి చుక్క. ఆ చుక్కను అద్దంలా నున్నగా అరగదీసి, కార్బన్ నానోట్యూబులు కలిపిన ద్రవం ఒక్క బొట్టు వేసి ఆరబెట్టాలి. నేను వేస్తే పెచ్చులూడేది. ఆమె వేస్తే కుదురుగా నిలిచేది. పార్వతి హస్తవాసి మంచిదని ల్యాబంతా అనేవారు. నాకు ఒళ్లు మండేది. ఇప్పుడు దాచుకోవడమెందుకు?

ఆమె రివ్యూకి ముందురోజు, ఆమె భోజనానికి వెళ్లినప్పుడు, మర్నాడు కమిటీకి చూపించాల్సిన ఆమె ఎలక్ట్రోడ్‌ను అడక్కుండా తీశాను. పాడుచేయాలని కాదు. కాదనే అనుకుంటున్నాను. నా డోపమైన్ ద్రావణంలో ఎలా పనిచేస్తుందో చూద్దామని. కానీ నాది చిక్కటి ద్రావణం. చిక్కటి డోపమైన్‌లో మళ్లీ మళ్లీ పరీక్ష నడిపితే ఎలక్ట్రోడ్ మీద కంటికి కనిపించని పొర కడుతుందని, ఇక అది దేన్నీ సరిగా పట్టదని నాకు తెలియని సంగతా? తెర మీద సిగ్నల్ గీత అంతకంతకూ అణిగిపోతుంటే చూస్తూనే నడిపాను. తర్వాత కడిగి, డబ్బాలో దాని చోట దాన్ని పెట్టేశాను. ఒక్క మాట చెప్పి ఉంటే ఆ సాయంత్రమే కొత్తది చేసుకునేది.

మర్నాడు కమిటీ ముందు గీత లేవలేదు. ఇంకోటి చేసి చూపిస్తానని ఆమె బతిమాలింది. నిలవని పూత ఎన్ని వేస్తే ఏం లాభమని గైడ్ ఆ అంశాన్నే ఆమె దగ్గర్నుంచి తీసేశారు. బయటికొచ్చాక వరండాలో నన్నడిగింది.

"నా ఎలక్ట్రోడ్ నువ్వు గానీ వాడేవేటే?"

"లేదు."

నా ముఖంలోకి చూసింది. నమ్మింది.

"అయితే నా సెయ్యే మంచిది కాదు. నాను దీనికి పనికిరాన్లే."

కొన్ని నెలలకు చదువు మానేసింది. నేను డాక్టరేట్ తెచ్చుకుని మధురవాడలో పాఠాలు చెబుతున్నాను. ఇంకొకరి ఎలక్ట్రోడ్ ముట్టుకుంటే చెప్పి తీరాలని పిల్లలకు నేర్పుతాను. దెయ్యాలు వేదాలు వల్లించడమంటే ఇదే కదూ?

మొన్న ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేశాను. గాజువాకలో ట్యూషన్లు చెప్పుకుంటోంది. జరిగింది జరిగినట్టు చెప్పేశాను. తిట్టలేదు. క్షమించాననీ అనలేదు. ద్రావణం ఎంత చిక్కనిది, ఎంతసేపు నడిపావని అడిగింది. చెప్పాను. పూత పెచ్చులూడిందా అని అడిగింది. లేదు, అంత నడిపినా చెక్కుచెదరలేదు అన్నాను. ఆ మాట విని ఫోన్ పెట్టేసింది.

తిరిగి చేయలేదు. చేయకపోవచ్చు, చేయమని అడిగే ముఖమూ నాకు లేదు. కానీ ఒంట్లో ఏదో ముడి విడిపోయింది. సిగ్గుగా ఉంది చెప్పడానికి, ఫోన్ పెట్టేయగానే నాకు ఆకలేసింది. అన్నం పెట్టుకుని కడుపునిండా తిన్నాను. ఆమె తిన్నదో లేదో తెలియదు.