వార్చిన కూర

నాకు షుగర్ ఉందని తేలిన రోజు నుంచి మా ఇంట్లో తెల్లన్నం తగ్గిపోయింది. అప్పట్లో నేను పత్రికలో ఆరోగ్యం పేజీ చూసేవాణ్ని. రాసేవాళ్లు రాసేవారు, నేను వాక్యాలు దిద్ది పంపేవాణ్ని. ఆ పేజీని అక్షరం పొల్లు పోకుండా పాటించిన మనిషి మెదక్‌లో మా ఆవిడ ఒక్కతేనేమో. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం కప్పుతో కొలిచిన అన్నం, పప్పు, ఏదో ఒక ఆకుకూర, రాత్రికి జొన్న రొట్టె. ఆమెకు షుగర్ లేదు. అయినా తనూ అదే తినేది.

"ఇద్దరు మనుషులకు రెండు వంటలు నాతోని కాదు" అనేది.

పెళ్లి భోజనాల్లో కూడా ఆమె కన్ను నా విస్తరి మీదే ఉండేది. వడ్డించే అబ్బాయి రెండోసారి అన్నం తెస్తే దూరం నుంచే చెయ్యి ఊపేది.

"గా సార్‌కు ఎయ్యకు తమ్మీ. పేపర్లనైతే అందరికి చెప్తడు, పెండ్లిలకొస్తే మరిచిపోతడు."

బంతిలో నవ్వులు. నేను తల వంచుకుని పెరుగు కోసం చూసేవాణ్ని. నా షుగర్ అదుపులోకి వచ్చిందంటే అది ఆమె చేతి చలవే.

ఆమెకు మాత్రం బీపీ ఉండేది. గోలీలు వేసుకుంటూనే ఉంది. ఒక ఎండాకాలం కాళ్లు వాచాయి, మొహం ఉబ్బింది. పరీక్షలు చేస్తే రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయన్నారు. కొద్ది నెలల్లోనే డయాలసిస్ మొదలైంది. దవాఖానలో ఆమె డాక్టర్ని అడిగిన మొదటి మాట నాకింకా గుర్తుంది.

"సార్, నేను తప్పు తిండి తినలే. అన్నీ మంచియే తిన్న. మరి గిట్లెందుకైంది?"

"తిండితోని రాలేదమ్మా, బీపీతోని వచ్చింది. కాని ఇప్పటిసంది తిండి మారాలె. ఆకుకూరలు, రాగులు, పండ్లు, కొబ్బరినీళ్లు బందు పెట్టుండ్రి. గవాట్ల పొటాషియం ఎక్కువుంటది. కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంల పెరిగితే గుండెకే ఎసరు. తెల్లన్నం తినుండ్రి, గుడ్డు తెల్లసొన తినుండ్రి."

తిరిగి వస్తున్నప్పుడు ఆటోలో ఆమె నా మోచేతిని పొడిచింది.

"విన్నవా? తెల్లన్నం తినాల్నంట. ఇన్నేండ్లు నీ నోటికాడి ముద్ద గుంజుకున్న గదా, నీ ఉసురే తగిలింది."

నవ్వించాలనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు వంటలు. నా పళ్లెంలో జొన్న రొట్టె, పాలకూర పప్పు. ఆమె పళ్లెంలో తెల్లన్నం, ఉప్పు తక్కువ వేసిన సొరకాయ కూర, గుడ్డు తెల్లసొన. నా ఒంటికి మేలు చేసేదే ఆమెకు కీడు, ఆమెను నిలబెట్టేది నాకు కీడు. పేజీలో ఈ సంగతి నేనూ దిద్దే ఉంటాను, ఎవరి ఒంటిని బట్టి వారి తిండి అని. కాని ఎదురెదురుగా కూర్చుని అట్లా తినడం వేరు. ఒకసారి మాటల్లో ఉండి నా పళ్లెంలోంచి రొట్టె ముక్క తుంచుకుంది. నోటిదాకా తీసుకెళ్లి ఆగి, దాన్ని మళ్లీ నా రొట్టె అంచుకు ఆనించి పెట్టింది.

మరుసటి ఎండాకాలానికి ఆమెకు తిండే తగ్గిపోయింది. నోరంతా ఇనుము నాకినట్టుందనేది. గుడ్డు వాసనకే మొహం తిప్పుకునేది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "మిషన్ రక్తం కడుగుతది సార్, ఒంటికి బలమియ్యది. తినకుంటే మనిషి నిలువదు" అన్నాడు.

నేను బతిమాలాను, కసిరాను. పనిచెయ్యలేదు.

అప్పుడే చేగుంట నుంచి వదినె వచ్చింది, మా ఆవిడకు అక్క. తల్లి చిన్నప్పుడే పోతే చెల్లెల్ని చేతుల మీద పెంచింది ఆమే. బస్సు దిగి, తడి గుడ్డలో చుట్టిన గంగవాయిలి కూరతో ఇంట్లోకి వచ్చింది. మా ఆవిడకు ప్రాణమైన ఆకుకూర. నేను వద్దన్నాను.

"కూరాకు తిని ఎవ్వలన్న సచ్చిండ్రా మరిది? మస్తు సదువుకున్నవ్ గని..."

నేను డాక్టరు మాట చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. మరీ మనసైతే ఎప్పుడో ఒకసారి కొద్దిగా తినొచ్చని, తరిగి నానబెట్టి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలని కూడా ఆయన అన్నాడని చెప్పాను. వదినె కొంగు బిగించి తనే చేసింది. పచ్చటి నీళ్లు మోరీలోకి పోతుంటే నిలబడి చూసింది.

"సారమంత మోరీపాలు. పిప్పి మిగిలింది నా చెల్లెకు."

ఆ పిప్పిలోనే పోపు వేసి, అన్నంలో కలిపి ఎదురుగా కూర్చుంది. మా ఆవిడ మొత్తం తిన్నది. నెలరోజుల్లో ఆమె పళ్లెం ఖాళీ కావడం అదే మొదటిసారి.

"మస్తుందక్కా."

"చూసినవా మరిది, కూర కోసమే బెంగటిల్లింది పోరి" అని వదినె కళ్లు తుడుచుకుంది.

వదినె బస్సెక్కాక మా ఆవిడ నాతో మెల్లగా అంది: "గడ్డి నమిలినట్టుండె. అక్క నా నోటి దిక్కే చూస్తుండె. ఎట్ల ఇడిచిపెడ్త?"

అక్క చూస్తుంటే తింటుంది. ఆ సంగతి పట్టుకుని నేను వదినెను వారం వారం రమ్మన్నాను. కూర ఉన్నా లేకున్నా ఎదురుగా కూర్చోమన్నాను. ఆమె చేనుపని పక్కింటివాళ్లకు అప్పజెప్పి వచ్చేది. ఆ రోజుల్లో పళ్లెం ఖాళీ అయ్యేది, గుడ్డు కూడా కళ్లు మూసుకుని మింగేసేది. వానాకాలం అట్లా గడిచింది. ఒకసారి డాక్టరు కొంచెం నయమన్నాడు కూడా.

చలి మొదలయ్యాక ఒక మధ్యాహ్నం వదినె ముద్ద కలిపి స్వయంగా నోట్లో పెట్టింది. మా ఆవిడ నమిలింది. చాలాసేపు నమిలింది. బుగ్గలో ముద్ద అట్లాగే ఉంది, మింగడం లేదు, బయటికీ తీయడం లేదు. అక్క మొహం వైపే చూస్తోంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

వదినెకు అర్థమైంది. అన్నం పళ్లెం పక్కకు నెట్టింది. అరచెయ్యి దోసిలిలా చేసి చెల్లెలి గడ్డం కింద పట్టింది.

"ఊంచెయ్ బిడ్డా. నా చేతుల ఊంచెయ్."

ఆమె ఉమ్మేసింది. "ఇగ నాతోని కాదక్కా" అని గోడకు ఒరిగింది.

వదినె లేచి నల్లా కింద చెయ్యి కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. వచ్చి, నా వైపు చూడకుండానే అంది: "ఇగ దాన్ని తినుమనకు మరిది. నేనూ అనను."

సరేనన్నాను. ఆ తర్వాత మా ఆవిడ మాతో ఉన్న కొద్ది వారాలూ మా ఇంట్లో తిండి మాట ఎవరమూ ఎత్తలేదు. వదినె వచ్చి మంచం పట్టె మీద కూర్చునేది. ఏం పెట్టాలో అడగకుండా ఆమె పక్కన కూర్చోవడం మా ఇద్దరికీ చేతకాలేదు. వదినె చేతులు మాటిమాటికీ దుప్పటి సర్దుతుండేవి.