చిన్నమ్మ పోసిన కొసరు

ఆ రోజుల్లో నాకు లోకంలో ప్రతిదీ కాస్త పొడుగెక్కువైనట్టే కనిపించేది. కొత్తగా ఎడిటింగ్ నేర్చుకుని, చాంద్రాయణగుట్టలో పెళ్లి వీడియోలు తీసే ఒక చిన్న స్టూడియోలో చేరాను. లాల్‌దర్వాజాలో మా చిన్నమ్మ ఇంట్లో ఉంటూ, ఆమె వండింది తింటూ, ఆమె చెప్పే కబుర్లలో కూడా ఎక్కడ కత్తెర వెయ్యొచ్చా అని చూసేవాణ్ణి. (పంతులుగారి మంత్రాలను మరీ కుదించేసి ఒక పెళ్లికూతురి తండ్రి చేత చీవాట్లు తిన్న చరిత్ర కూడా నాకుంది.) చిన్నమ్మకు ఇంటి వెనక నాలుగు బర్రెలుండేవి. పొద్దున్నే గల్లీ అంతా గిన్నెలు పట్టుకుని ఆమె ముందు నిలబడేది. ఆమె నోరు పెద్దది. పాలు కొలిచినంతసేపూ ఎవరినో ఒకరిని తిడుతూనే ఉండేది. కొలత అయ్యాక మాత్రం, నచ్చినవాళ్ల గిన్నెలో ఇంకాస్త కొసరు పోసేది. ఎవరికి కొసరు పడిందో, ఎవరికి పడలేదో గల్లీ మొత్తానికి తెలిసిపోయేది.

స్టూడియోలో కెమెరా పట్టే అన్న ఒకడు యూట్యూబ్‌లో పెట్టడానికి ప్రేమకథ తీస్తానన్నాడు. అప్పటికే అందరం అతన్ని డైరెక్టరన్న అని పిలిచేవాళ్లం (తీసిన సినిమా ఒక్కటీ లేదు, టోపీ మాత్రం ఉంది). కథ నవ్వులదే. పాలవాళ్ల అమ్మాయిని ఇష్టపడిన కుర్రాడు పాల వంకతో రోజూ వస్తాడు, తల్లి కనబడగానే గడ్డిమోపుల వెనక దాక్కుంటాడు, చివరికి తల్లి పెళ్లికి ఒప్పుకుంటుంది. బర్రెలు చిన్నమ్మవే, ఇల్లూ చిన్నమ్మదే కాబట్టి తల్లి వేషం కూడా ఆమెకే ఇచ్చాం. హీరో గిన్నెలో పాలు పోస్తూ కోపంగా చూడమని చెబితే, ఆమె అడిగినదానికంటే ఎక్కువ కోపంగా చూసి, తిట్టి, ఆపైన ఎవరూ చెప్పకుండానే కొసరు పోసింది. మళ్లీ ఎందుకు పోశావని డైరెక్టరన్న అడిగితే, "పోరడు మంచిగున్నడు బిడ్డా. తిడుత, గని పోస్త" అంది. ఇంకోరోజు గడ్డి వెనక దాక్కున్న హీరో చెప్పు బయటికి కనిపిస్తుంటే, దాన్ని కాలితో మెల్లగా లోపలికి నెట్టి, ఏమీ ఎరగనట్టు బర్రెకు కుడితి పెట్టడానికి వెళ్లిపోయింది. అదీ ఎవరూ నేర్పింది కాదు.

ఎడిటింగులో ఆ రెండు సీన్లూ తీసేశాం. "లాగ్ అయితుంది భాయ్" అన్నాడు డైరెక్టరన్న. నేనూ మహా తెలిసినవాడిలా తల ఊపాను. సినిమా చకచకా నడుస్తోందని ఇద్దరం మురిసిపోయాం. ఈలోపు చిన్నమ్మ తన దగ్గర పాలు పోయించుకునే ప్రతి ఇంటికీ సంగతి చెప్పి, ఆదివారం సాయంత్రం మిద్దె మీదికి రమ్మని పిలిచేసింది. ఆ రోజు కొత్త చీర కట్టుకుంది. నువ్వు రోజూ తిట్టేదే గదా, దానికి యాక్టింగ్ అని పేరెందుకని ఏడిపిస్తూ వచ్చిన చిన్నాయన కూడా ముందు వరుసలో కుర్చీ వేసుకున్నాడు. ఆ సాయంత్రం ఆమె పరువంతా మేం తెరగా కట్టిన తెల్ల దుప్పటి మీద ఆధారపడి ఉంది.

సినిమా అయిపోయింది. ఎవరూ నవ్వలేదు. పక్కింటి పెద్దమ్మ నిజంగానే అర్థంకాక అడిగింది: "మొదటి సంది పోరన్ని తిట్టుకుంటనే ఉంటివి. ఆఖరుకు ఎట్ల ఒప్పుకుంటివే?" చిన్నాయన నేను ముందే చెప్పలేదా అన్నట్టు మీసం దువ్వాడు. చిన్నమ్మ నావైపు తిరిగి, ఎప్పుడూ లేనంత మెల్లగా అడిగింది.

"కొసరు పోసిన గదరా. అది యాడికి పోయింది?"

అంత నోరున్న మనిషి అలా మెల్లగా అడిగేసరికి నాకు తల కొట్టేసినట్టయింది. అందరికీ చాయ్ తెమ్మని డైరెక్టరన్నను కిందికి తరిమి, ల్యాప్‌టాప్ ముందేసుకుని, తీసిపారేసిన రెండు సీన్లనూ వాటి చోట్లలో మళ్లీ అతికించాను. చాయ్ గ్లాసులు ఖాళీ అయ్యేసరికి సినిమా మళ్లీ మొదలైంది.

హీరో గిన్నెలో కొసరు పడగానే ఆడవాళ్లందరూ ఒక్కసారిగా "ఓహో" అన్నారు. ఇక అక్కణ్ణుంచి ఆ కుర్రాడు దాక్కున్నప్పుడల్లా నవ్వులే. తల్లికి వాడు ఎప్పుడో నచ్చేశాడని మిద్దె మొత్తానికి తెలుసు, వాడొక్కడికే తెలియదు. అవే పరుగులు, అవే తిట్లు, నేను ఒక్కటీ మార్చలేదు. ఇందాక రాక్షసిలా కనిపించిన తల్లి ఇప్పుడు వాణ్ణి ఆటాడిస్తున్నట్టుంది. చెప్పును కాలితో నెట్టినప్పుడైతే పక్కింటి పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చివర్లో ఎందుకు ఒప్పుకుందని ఈసారి ఎవరూ అడగలేదు. చిన్నాయన కుర్చీలోంచి లేచి, అందరూ వినేలా "మస్తు జేసినవే" అన్నాడు. నాకైతే లేచి ఆమె కాళ్లకు దండం పెట్టాలనిపించింది. ఆమె మాత్రం కొంగు సర్దుకుని, పొద్దున పాలకు ఆలస్యంగా వస్తే ఊరుకోనని అందరినీ తిట్టింది.

ఇప్పుడు నేను పెద్ద సినిమాలకే పనిచేస్తున్నాను. ఏ ప్రేమకథలోనైనా తీసెయ్యమన్న సీను తీసేముందు ఇంకోసారి చూస్తాను (నిర్మాతలు విసుక్కుంటారు, పడతాను). మొన్న లాల్‌దర్వాజా వెళ్లినప్పుడు, ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా ఇల్లు అని కడుపునిండా తిడుతూ చిన్నమ్మ చాయ్ పోసింది. గ్లాసు అందుకోబోతే ఆగమని, గిన్నె వంచి ఇంకాస్త పోసింది. ఆ ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా నా గ్లాసులో రోజూ ఇలాగే పడుతుండేది కాబోలు. తిట్లు మాత్రం విని, మిగతాదంతా లాగ్ అనుకుని, సగం చాయ్ వదిలేసి స్టూడియోకి పరుగెత్తిన ఆ కత్తెర కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొచ్చింది. ఈసారి గ్లాసు ఖాళీ అయ్యేదాకా కూర్చున్నాను.