జగదాంబ, చిన్ని, ఒక కిరాయి తాతయ్య

బాలనర్సయ్య తన కార్లను ఎన్నడూ కార్లని పిలవలేదు. యూసుఫ్‌గూడలో ఆయన ఇంటి ముందు రెండు నిలిచి ఉండేవి. తెల్ల అంబాసిడర్ పేరు జగదాంబ. పాత మారుతీ వ్యాను పేరు నిహారిక. రెండింటినీ సినిమా షూటింగులకు అద్దెకు తిప్పేవాడు. జగదాంబ పొద్దున మంత్రిగారిని మోసి, మధ్యాహ్నం అదే మంత్రిగారి శవాన్ని మోసి, సాయంత్రం నంబరు పలక మార్చుకొని ఆయనను చంపినవాణ్ణి మోసేది. నిహారికకు ఎక్కువగా కథానాయికను ఎత్తుకుపోయే పని దొరికేది.

ఆ పేర్లు ఊరికే పెట్టినవి కావు. కొన్న ఇరవై ఒకటో రోజున, పసిబిడ్డకు చేసినట్టే, పళ్లెంలో బియ్యం పరిచి, ఉంగరంతో పేరు రాసి, బానెట్ మీదికి వంగి మూడుసార్లు ఆ పేరు చెప్పాడు. వీధిలోని ఆడవాళ్లకు పసుపు, కుంకుమ, నానిన శనగలు పంచిపెట్టాడు. “చిన్నికి పేరు పెట్టిననాడు గింతమందిని పిలువలే” అని ఆయన భార్య నీలమ్మ వీలు దొరికినప్పుడల్లా దెప్పేది. నిహారిక అంటే పొగమంచు అని నేను అర్థం చెప్పినప్పుడు ఆయన ఒకసారి వ్యాను వెనుకవైపు చూసి, “మంచిగనే కుదిరింది సారూ” అన్నాడు.

మన భాషలో ఏకవచనాన స్త్రీకీ, జంతువుకూ, జడపదార్థానికీ క్రియ ఒక్కటే. కోడలు వచ్చింది, గేదె వచ్చింది, లారీ వచ్చింది. స్త్రీజాతికి ఇది అన్యాయమని తెలుగు పంతులుగా ఉద్యోగం చేసినన్నాళ్లూ తరగతిలో చెబుతూ వచ్చాను. లారీ జాతికి ఇది ఎంత గౌరవమో బాలనర్సయ్య పరిచయమైన తరువాతనే తెలిసింది. “రాత్రి నుంచి అలిగింది, ఎంత బతిమాలినా కదులుత లేదు” అని ఆయన అంటే, అలిగినది జగదాంబా, నీలమ్మా అని నేను అడగవలసి వచ్చేది. సరే, వ్యాకరణం ఎక్కడికీ పోదు. చిన్ని దగ్గరికి వద్దాం.

చిన్ని ఆయన ఒక్కగానొక్క కూతురు. ఎనిమిదేళ్లది. సాయంత్రాలు వెంగళరావు నగర్‌లోని మా ఇంటికి చదువుకోవడానికి వచ్చేది. హైటెక్ సిటీ అద్దాలు కొత్తగా మెరుస్తున్న రోజులవి. పాలపళ్లు ఊడని పిల్లలను కూడా కంప్యూటర్ ఇంజనీర్లను చేస్తామని ప్రతి సందులోనూ ఒక బడి బోర్డు కట్టింది. అటువంటి మూడంతస్తుల బడిలో చిన్ని రెండో తరగతి. ఒకనాటి పరీక్షలో కారు గురించి ఐదు వాక్యాలు రాయమన్నారు. ఆ కాగితం చిన్ని నాకు తెచ్చి చూపించింది.

“మా జగదాంబకు వాన అంటే భయం. పొద్దున పిలిస్తే వెంటనే పలకదు. నీళ్లు బాగా తాగుతుంది. మంత్రి కూర్చున్నా దొంగ కూర్చున్నా ఒకే తీరుగా పోతుంది. ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే అలుగుతుంది.”

కింద ఎర్ర సిరాతో సున్న. పక్కన, “కారుకు నాలుగు చక్రములు ఉండును అని రాయవలెను” అని హితబోధ. మంచి వాక్యానికి సున్న పడడం నేను ఎరుగుదును. ఐదు మంచి వాక్యాలకు కలిపి ఒకే సున్న పడడం చూడడం అదే మొదటిసారి.

ఆనాటి నుంచి చిన్ని బడిలో నోరు విప్పలేదు. ఇంట్లో గలగలలాడే పిల్ల బడి గేటు దాటితే మూగది. ఏడాది చివర బడివాళ్లు బాలనర్సయ్యను పిలిచి, పిల్ల మందబుద్ధి, మళ్లీ రెండో తరగతే చదవాలి అన్నారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక పాట చిత్రీకరణకు జగదాంబ జూబ్లీ హిల్స్‌లోని ఒక బడికి వెళ్లింది. బండరాళ్ల నడుమ పెంకుటిళ్ల బడి. పరీక్షలు లేవు, యూనిఫారం లేదు. సాఫ్ట్‌వేర్‌వాళ్ల పిల్లలూ, సినిమావాళ్ల పిల్లలూ మట్టిలో వంకాయ నారు పోస్తూ కనబడ్డారట. మరునాడు బాలనర్సయ్య మా ఇంటికి పరుగున వచ్చాడు.

“ఒక పిల్లగాడు పంతులమ్మకు ఎదురు మాట్లాడిండు సారూ. ఆమె కొట్టలే. కూసోని విన్నది! గా బడి కావాలె నా బిడ్డకు.”

ఫీజు లేకుండా ఇచ్చే సీటు ఒక్కటే మిగిలి ఉంది. అక్కడ పిల్లలకు పరీక్ష పెట్టరు. ఇంటి పెద్దలను పిలిచి మాట్లాడతారు. ఆ సంగతి వినగానే నాలుగో తరగతితో చదువు ఆపిన బాలనర్సయ్యకు చెమటలు పట్టాయి.

ఫిల్మ్‌నగర్‌లో పనిచేసేవారు ఏది లేకపోయినా కంగారుపడరు. కోర్టు లేకపోతే చెక్కలతో కడతారు. వాన లేకపోతే ట్యాంకరు తెప్పిస్తారు. చదువుకున్న పెద్దమనిషి ఇంట్లో లేకపోతే ఏం చేయాలో బాలనర్సయ్యకు వెంటనే తోచింది. వీరరాఘవయ్యను పట్టుకొచ్చాడు. తెనాలి వైపు మనిషి, చిన్న వేషాల నటుడు. అప్పటికి పదకొండుసార్లు జడ్జి, లెక్కలేనన్నిసార్లు పెళ్లికూతురి తండ్రి.

“వేషం ఏంటండీ?” అన్నాడు వీరరాఘవయ్య.

“చిన్నికి తాత. పింఛను తీసుకునే తాసిల్దారు.”

“ఏడుపు ఉందాండీ?”

“జరంత ఉంటె మంచిదే.”

“కళ్లజోడు నాదా, కంపెనీదా?”

సంభాషణలు రాసిన పాపం నాది. “శిశుహృదయవికాసమే విద్యాపరమావధి” అని గంభీరంగా మొదలుపెట్టాను. బాలనర్సయ్య మాత్రం తనకు తాను డ్రైవర్ వేషం ఇచ్చుకున్నాడు. దానికి రిహార్సల్ అక్కరలేదట. నీలమ్మ మండిపడింది. “కన్నతండ్రివి నువ్వు డ్రైవర్‌వి, ఎవడో ముసలాయన తాత. మరి నాకేం వేషం, ఆయా వేషమా? నేను రాను పో!”

బడి నడిపే నాగేశ్వరి గారు నేల మీద చాప పరిచి కూర్చున్నారు. వీరరాఘవయ్య కుర్చీ కోసం అటూ ఇటూ చూసి, చివరకు వెలుగు ముఖాన పడే చోటు వెతుక్కొని చతికిలబడ్డాడు. నేను అరుగు మీద కాగితాలతో, బాలనర్సయ్య గుమ్మం దగ్గర చిన్నితో. వీరరాఘవయ్య ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒప్పగించాడు. కెమెరా వైపు కంట మాత్రమే నీరు పెట్టడం ఆయన విద్య. ఆనాడు నాగేశ్వరి గారు రెండో వైపున కూర్చున్నారు.

ఆమె అంతా విని, “బాగుందండీ. పాపకి కోపం వస్తే ఏం చేస్తుంది?” అని అడిగారు.

ఆ ప్రశ్న నేను రాయలేదు. వీరరాఘవయ్య నా వైపు చూశాడు. నేను కాగితం వైపు చూశాను.

“కోపమాండీ? మా వంశంలోనే లేదండీ” అన్నాడు.

“మరి భయం వేస్తే?”

“భయమా!” అంటూ ఆయన సగం లేచాడు. అది ఏదో పౌరాణికంలోని లేవడం.

బాలనర్సయ్య ఇక ఆగలేకపోయాడు. “భయమైతే మాట బందు జేస్తది మేడం. కోపమొచ్చినా గంతే. జగదాంబ లెక్కనే. బలవంతం జేస్తె ఇంకింత మొండికేస్తది. పక్కన కూసోవాలె, ఏం అడుగొద్దు. జరసేపైనంక గదే మాట్లాడతది.”

“జగదాంబంటే పెద్దమ్మాయా?”

“కారు మేడం. బయట ఉన్నది.”

“మీరు డ్రైవరన్నారు కదా. పాప సంగతి మీకింత ఎలా తెలుసు?”

బాలనర్సయ్య తల దించుకున్నాడు. అప్పుడు, నెలల తరబడి బడి గేటు లోపల పెదవి కదపని చిన్ని, గుమ్మంలో నుంచే స్పష్టంగా పలికింది.

“మా నాయిన. గీ తాత మాకు తెల్వదు. ఇయ్యాల పొద్దుగాల్నే వచ్చిండు.”

వీరరాఘవయ్య మెల్లగా కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. “నా పోర్షన్ అయిపోయినట్టేనాండీ?” అన్నాడు.

నాగేశ్వరి గారు నవ్వలేదు. “అబద్ధం ఎందుకు చెప్పారు?” అని బాలనర్సయ్యను అడిగారు.

“నన్ను జూసి నా బిడ్డకు సీటు ఇయ్యరేమో అనుకున్న మేడం.”

“వారంలో కబురు చేస్తాం” అన్నారామె.

ఆ వారమంతా బాలనర్సయ్య షూటింగులకు పోలేదు. జగదాంబను తుడిచిందే తుడిచాడు. “తెల్లరంగు పోయి ఇనుము తేలుతది, ఇడిసిపెట్టు” అని నీలమ్మ కసిరింది. ఏడో రోజున ఉత్తరం వచ్చింది. నేనే చదివి వినిపించాను. సీటు ఇచ్చారు. ఇకమీదట పెద్దల సమావేశాలకు అసలు తండ్రి మాత్రమే రావాలన్నారు. ఆ ఉత్తరంలో రెండు సంధి దోషాలున్నాయి. దిద్దడానికి చేయి రాలేదు.

మొదటి రోజున గేటు దగ్గర వాచ్‌మన్ రాములు అడ్డం నిలబడ్డాడు.

“డ్రైవర్లు బయటనే ఉండాలె.”

“నేను చిన్ని నాయినను.”

“మొన్న డ్రైవర్ అని చెప్పినవ్ గద?”

“మొన్నది యాక్టింగ్ భాయ్” అని బాలనర్సయ్య చొక్కా సవరించుకొని లోపలికి నడిచాడు. అప్పటికే రాళ్ల వెనుక నుంచి చిన్ని గొంతు గట్టిగా వినబడుతోంది. ఎవరితోనో వాదం పెట్టుకుంది.