కొమురమ్మ కాళ్ళు చాపిన రోజు

మా అత్త కొమురమ్మను కుదురుగా కూర్చోబెట్టడం కోరుట్లలో ఎవరివల్లా కాదు. బీడీలు చుట్టేది కూర్చునే కదా అంటారేమో! ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు, నోట్లో నా మీద సణుగుడు. అదీ ఒక కూర్చోవడమేనా? పండుగొస్తే మరీ ఘోరం. వండేది, వడ్డించేది, గిన్నెలు తోమేది ఆమే. సాయం పోతే "నీకు చాతగాదు, జరుగు" అంటుంది.

నాకేమో బీడీలంటే ఒళ్ళు మంట. అందుకే సకల జనుల సమ్మె రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లో పని దొరికితే ఎగిరి గంతేశాను. హైదరాబాదులో ఒక ఆఫీసువాళ్ళ కంప్యూటర్ రాత్రింబవళ్ళు ఆన్‌లైన్‌లో తెలుగు పేపర్లు చదువుతూ తనంతట తానే సంగతులు నేర్చుకుంటుంది. అది నేర్చినదానికి ఒప్పో తప్పో పెట్టడం నా పని. మహా తెలివైంది లెండి! వేములవాడ రాజన్న దేవుడు కాదు, పెద్ద నాయకుడట, ఆయన కోసం అంత జనం వస్తారు కాబట్టి. ధర్మపురి అన్నది నరసింహస్వామి ఇంటిపేరట. తప్పు, తప్పు అని కొట్టేదాన్ని.

ఒకరోజు "బంద్ ఒక పండుగ" అని నేర్చుకుంది. ఆధారాలూ చూపించింది: బడికి సెలవు, రోడ్డు మీద వంటలు, బతుకమ్మ ఆటలు. తప్పు అని పెట్టాను. మర్నాడు కొత్త పేపర్లు చదివి మళ్ళీ అదే మాట, ఇంకా గట్టిగా. ఆఫీసు సారు ఫోన్ చేశాడు.

"ఊర్మిలా, నిన్న తప్పనే పెట్టారా? ఇవాళ దీనికి మీరు ఒప్పు పెట్టారంటే మీ పని పోయినట్టే."

మళ్ళీ ఆ చాట, ఆ తంబాకు ఘాటేనా! తప్పు కొట్టబోతుంటే బయట డప్పులు మోగాయి. ఆ రోజూ బందే, మా షట్టర్ సగం దించి ఉంది. వంగి బయటికొచ్చి చూశాను.

నడిరోడ్డు మీద సమ్మెవాళ్ళ వంటావార్పు. పుట్టి బుద్ధెరిగి గరిటె ముట్టని మా మామ రామస్వామి చెమటలు కక్కుతూ పెద్ద గంజులో పప్పు కలుపుతున్నాడు. పక్కన దుకాణం అరుగు మీద మా అత్త కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుంది. చేతిలో ఆకు లేదు, నోట్లో సణుగుడు లేదు. నాకు భయం వేసింది.

"అత్తా, గిట్ల కూసున్నవేంది? పానం మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్న పిల్లా. ఇయ్యాల బీడీ కార్ఖానా బంద్, మనింట్ల పొయ్యి బంద్. మీ మామ వండుతుండు, నేను తింట. దసరా నాడు సుత నేను గిట్ల కూసున్ననా? నా పండుగంటె గిదే!"

"ఉప్పెంతెయ్యాలె?" అని అరిచాడు మామ.

"నాకేమెరుక? నాదియ్యాల బంద్!"

నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. లోపలికి వెళ్ళి ఒప్పు కొట్టాను.

వెంటనే ఫోన్. "దీనికి ఆధారమేంటమ్మా?"

"మా అత్త కాళ్ళు సాపుకొని కూసున్నది సార్."

పని ఊడింది. ఇప్పుడు నా ఒళ్ళోనూ ఒక చాట. మొన్న ఇద్దరం ఆకు కత్తిరిస్తుంటే అత్త మెల్లగా అడిగింది.

"మల్ల బందెప్పుడట పిల్లా?"

మర్నాడు పొద్దున్నే పేపరంతా వెతికాను. ఎక్కడా రాయలేదు.